ఆముదం చేతులు

మొగులయ్య రొమ్ములో గడ్డ తేలింది. మొదట కుడివైపు, చనుమొన వెనుక రేగు గింజంత. ఇప్పుడు ఎడమవైపు కూడా. అంగీ రాసుకున్నా సలుపుతోంది. పెళ్లాం బాలనర్సమ్మ అలాంటి గడ్డతోనే పోయింది కాబట్టి అదేమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆడవాళ్ల రోగం మగవాడికి ఎలా అంటుకుందన్నదే అంతుపట్టలేదు. ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఉన్నది వర్ష ఒక్కతే. ఆమెతో అతనికి మాటలు తక్కువ.

వర్షను అతను కొడుకుగా పెంచాడు. తల్లి దినాలు అయ్యాక ఆ కొడుకు ఎదురుగా కూర్చొని, తాను ఆడపిల్లననీ, హార్మోను మందు మొదలుపెట్టాననీ చెప్పింది. మొగులయ్య కొట్టలేదు, వెళ్లగొట్టలేదు, ఒప్పుకోనూ లేదు.

"మీ అమ్మ ఉంటె ఈ మాట అంటుంటివా?"

"అమ్మకు ఎర్కనే నాయినా."

ఆ ఒక్క మాటకు అతను ఇద్దరినీ క్షమించలేదు. బతికున్నదాన్నీ, పోయినదాన్నీ.

అయినా పొద్దుటి పని ఒకటి తప్పలేదు. సెంట్రింగ్ పనిలో పలకలు మోసి మోసి అతని భుజం పట్టేసింది. బాలనర్సమ్మ రోజూ ఆముదం వెచ్చచేసి, ముంజేయి ఆనించి రుద్దేది. ఆమె పోయాక వర్ష అలాగే రుద్దుతోంది. తుర్కపల్లిలో మందుల కంపెనీలో ఆమెకు పని. అలియాబాద్ రోడ్డు మీదికి కంపెనీ క్యాబు పొద్దున్నే వస్తుంది. స్నానం కాగానే ముంజేతులకు తన మందు జెల్ పూసుకొని, అదే ఊపున వచ్చి తండ్రి వెనుక కూర్చుంటుంది.

"ఏంది, ఆముదం సల్లగున్నది?"

"క్యాబొస్తాంది నాయినా."

మాటలు అంతే.

ఒకరోజు వర్ష గడపలో నిలబడి అంది: "డాక్టరమ్మ ఇంటి పెద్దను తోల్కరమ్మన్నది. రక్తంల హార్మోను ఎక్కుతలేదంట. మందు బంద్ జేస్తదేమో."

మొగులయ్య వెంటనే అంగీ తొడుక్కున్నాడు. బంద్ చేస్తే మంచిదే అనుకున్నాడు.

మేడ్చల్‌లో ఆసుపత్రి. డాక్టర్ వినోద నెమ్మదిగా చెప్పింది. "మందు వాడితే సరిపోదు మొగులయ్యగారూ, రక్తంలో ఎంత ఉందో చూస్తూ ఉండాలి. తక్కువైతే ఫలితం లేదు. ఎక్కువైతే ముప్పు. వర్షకు ఒకసారి కాలిలో రక్తం గడ్డకట్టింది కాబట్టి మాత్రలు ఇవ్వలేను. జెల్ డోసు పెంచినా రక్తంలో కనిపించడం లేదు. ఇంకా పెంచాలంటే భయం. కొన్నాళ్లు ఆపుదాం."

"ఆపకుండ్రి మేడం," అంది వర్ష. "మల్ల ఎన్కకు పోలేను."

"పూసుకున్నాక ఆరనిస్తున్నావా? వెంటనే ఎవరికైనా తగిలితే వాళ్ల ఒంట్లోకి ఎక్కుతుంది. మగవాళ్లకైతే రొమ్ములు సలుపుతాయి, గడ్డలా తేలుతుంది."

"ఇంట్ల నేను, నాయిన. నేనెవ్వర్ని ముట్టుకుంటా మేడం?"

భుజం రుద్దడం ఆమెకు ముట్టుకోవడంగా తోచలేదు.

మొగులయ్య చేయి అంగీ మీద గడ్డ దగ్గరికి పోయింది. అయితే ఇది చచ్చే రోగం కాదా? వర్ష మందు తన ఒంట్లో చేరిందా? సంతోషించాలో, ఛీ అనుకోవాలో తెలియలేదు. నోరు మూసుకుంటే ఆ మందు ఇవాళే ఆగుతుంది. తాను కోరుకున్నదీ అదే. నోరు విప్పితే పరాయి ఆడమనిషి ముందు అంగీ విప్పాలి. బాలనర్సమ్మ కూడా సిగ్గుపడే గడ్డను దాచింది. దాచి దాచి చచ్చింది. అది గుర్తొచ్చి అతనికి ఒళ్లు మండింది.

గుండీలు విప్పాడు.

"గీ గడ్డ గదేనా, సూడమ్మా. పొద్దుగాల్ల నా భుజం రుద్దేది ఇదే," అంటూ వర్షను చూపించాడు.

వర్ష కుర్చీలోంచి లేచింది. "ఎప్పటిసంది నాయినా? జెప్పవేంది?"

"నువ్వు జెప్పినవా?"

డాక్టర్ చేత్తో నొక్కి చూసింది. "అదే అయి ఉంటుంది. జెల్ ఆరకముందే మీకు అంటుకుంటోంది. అయినా మీకూ రక్తపరీక్ష, స్కాన్ చేద్దాం. వర్షా, జెల్ ఆపను. ఇకనుంచి తొడలకు పూసుకో, చేతులు సబ్బుతో కడుక్కో, ఎవరికీ తగలనివ్వకు. మళ్లీ రక్తం చూద్దాం."

"ఇంకొన్నొద్దులైతె నాకు గూడ చీర కట్టిస్తుండె ఈ మందు," అన్నాడు మొగులయ్య. డాక్టర్ నవ్వింది. అతను నవ్వలేదు.

మర్నాడు పొద్దున వర్ష దూరంగానే నిలబడింది. "ఇగ నేను రుద్దొద్దు నాయినా. పక్కింటి బాలమణత్తను పిలుస్తా."

అతను పీట మీద వీపు తిప్పి కూర్చున్నాడు. ఆముదం గిన్నె అప్పటికే పొయ్యి మీద వెచ్చగా ఉంది.

"ముందుగాల నాకు రుద్దు. నీది తర్వాత పూస్కో."

"క్యాబు పోతది."

"జల్దీ లేవాలె మరి."

వర్ష సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చింది. ఆముదం చేయి భుజం మీద ఆనింది. అది కొడుకు చేయో, కూతురి చేయో మొగులయ్యకు ఇంకా తేలలేదు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"గట్టిగ," అన్నాడు.