ఆకలి ఉన్న దేవత

నేను రొయ్యల వేపుడు వడ్డిస్తుంటే, దేవతలు మనుషుల మధ్య ఎలా మెలగాలో మా ఆయన నాకు నేర్పడం మొదలుపెట్టారు. ఫోన్లో కథల యాప్‌లో నేను రాస్తున్న సీరియల్ గురించి ఈ గొడవంతా. గోదారి సముద్రంలో కలిసే చోట ఉండే ఓ దేవత దారి తప్పి ఒక ఇంటికి వచ్చి, అక్కడే ఉండిపోతుంది. కిందటి భాగంలో ఆవిడకి ఆకలేసింది. మగవాళ్ళు తినేదాకా ఆగకుండా, ఇంటి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని తినేసింది. అది చదివి కొబ్బరి కొట్టులో అందరూ మా ఆయన్ని చూసి నవ్వారట.

“దేవతన్నాక వచ్చేమా, వరమిచ్చేమా, మాయమయ్యేమా అన్నట్టుండాలి హేమా. కంచం లాక్కుని కూర్చోడమేంటి? మీ ఇంట్లోనూ ఇంతేనాండీ అని కొట్టులో లోవరాజు అడిగేడు. ఆఖరి భాగంలో ఆవిడ ఆ ఇంటాయనకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయినట్టు రాసెయ్. లేదంటే మొత్తం తీసెయ్.”

“అమ్మవారంటే ఓర్పమ్మా,” అన్నారు అత్తయ్యగారు, కొడుకు కంచంలో పెరుగు వేస్తూ. “ఆకలీ అదీ మనకే.”

నాకు ఒళ్ళు మండింది. మా ఊరి అమ్మవారు ఏనాడు ఓర్చుకుందని? జాతరకి అమ్మవారి కుండలు, గరగలు, నెత్తికెత్తుకుని డప్పులతో ఇల్లిల్లూ తిరుగుతారు. అవి మా గుమ్మంలోకి రాగానే అత్తయ్యగారికి పూనకం వస్తుంది. ఏడాది పొడుగునా మామయ్యగారి ఎదుట కుర్చీలో కూర్చోని మనిషి, ఆ పూట జుట్టు విరబోసుకుని “ఒరే శ్రీరాములూ” అని మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. “నా చలివిడేదిరా, కాళ్ళ మీద నీళ్ళు పొయ్యవేంరా” అని గద్దిస్తారు. మామయ్యగారు పరుగున బిందె తెచ్చి, తప్పైపోయింది తల్లీ అంటూ పోస్తారు. మా ఆయన విసనకర్ర పట్టుకుంటారు. అప్పుడు ఎవరూ నవ్వరు. గరగలు వీధి దాటేసరికి అమ్మవారు దిగిపోతుంది. ఆ పూట భోజనాల అంట్లన్నీ మళ్ళీ అత్తయ్యగారే తోముకుని, అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తింటారు. ఓర్పట, ఓర్పు.

“అత్తయ్యగారూ, పూనకంలో చలివిడి అడుగుతారు కదండీ. ఆ ఆకలి అమ్మవారిదాండీ, మీదా?”

“అప్పుడేం మాట్లాడతానో నాకు గుర్తుండదమ్మా,” అన్నారావిడ. కొడుకు వైపు చూడకుండా, “చలివిడంటే నాకు చిన్నప్పట్నించీ ఇష్టం,” అన్నారు.

మా ఆయన “అమ్మా” అని కసిరారు. ఆ కోపం నా మీదకి తిప్పారు. “ఇంతకీ నేను చెప్పినట్టు రాస్తావా, తీసేస్తావా?”

“రాస్తానండీ. కానీ ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. ఆకలేస్తే అడగడానికి పూనకం రానక్కర్లేదని ఆ ఇంటి కోడలికి చెబుతుంది.”

ఆయన తింటూండగానే నేను రెండు కంచాలు తెచ్చి పెట్టి, ఒకదాని ముందు కూర్చున్నాను. అత్తయ్యగారు చాలాసేపు నిలబడే ఉన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“రొయ్యలు నాకు ఇంకాస్త వెయ్యి,” అన్నారు.