డ్రమ్ముకు ఇవతల

కువైట్ ఊరి బయట కబ్ద్‌లో తోటల వెనక ఖాళీ రోడ్డు మీద, పనివాళ్లంతా బాబా అని పిలిచే యజమాని ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టించాడు. పిల్లల్ని బడికి పంపడానికి కొత్తగా కొన్న చిన్న ఎస్‌యూవీలో, డ్రైవరు సైఫుల్లా పక్కన కూర్చుని పరీక్ష పెట్టాడు. వేగం నూరు దాటాలి, తను చెయ్యి ఊపగానే బ్రేకు తొక్కాలి, డ్రమ్ముకు ఇవతల ఆగాలి. ఆగకపోతే కొత్త డ్రైవరు వస్తాడు. పక్కింటి డ్రైవరు సిగ్నల్ దగ్గర ముందు బండిని గుద్దినప్పటి నుంచీ ఆయనకు ఇదే బెంగ.

రాయచోటి సైఫుల్లాకు ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ జాబ్రియాలోని బాబా ఇంట్లోనే భార్య ముబీనా పనిచేస్తుంది. ఆలుమగలకు వీసా ఇచ్చే కఫీల్ ఒక్కడే కావడం, ఒకే గది దొరకడం కువైట్‌లో పెట్టిపుట్టినవాళ్లకే. పిల్లలతో రోజూ వెళ్లాల్సింది ఆమే గనుక, ఇంటి యజమానురాలు మామా ఆమెను కూడా వెనక సీట్లో ఎక్కించి పంపింది.

యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఆలోచించి, ఆపైన వీపును సీటుకు అదిమి దూసుకుపోయింది. బాబా చెయ్యి ఊపాడు. బ్రేకు తొక్కగానే పాదం కింద పెడలు గడగడా వణికింది. ఏదో విరిగిందని సైఫుల్లా గబుక్కున కాలు తీసేశాడు. మళ్లీ తొక్కేలోపు డ్రమ్ము ఎగిరి ఇసుకలో పడింది. పాత లారీ మీద నేర్చిన విద్య అది, బ్రేకు పట్టేస్తే కాలు తీసి మళ్లీ తొక్కడం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. లారీతో వచ్చిన బుద్ధీ అంతే.

బాబా తిట్టలేదు. చక్రాలు పట్టెయ్యకుండా వణకడం బండి పని, కాలు తియ్యకపోవడం నీ పని అని వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. డ్రమ్మును మళ్లీ నిలబెట్టించి, ఇంకొక్కసారి, తర్వాత ఖలాస్, ఇక అయిపోయినట్టే అన్నాడు.

సైఫుల్లా అద్దంలోకి చూశాడు. ముబీనా ఇందాకటి బ్రేకుకు బెల్టు నొక్కిన భుజాన్ని పట్టుకుని కూర్చుంది. ఆమె ఎక్కితే గుంత కూడా తెలియకుండా నడిపే మనిషికి కాలు ఆడలేదు.

"నన్ను సూడాకు. డ్రమ్మును సూడు," అంది ముబీనా. "తొక్కు."

బండి మళ్లీ నూరు దాటింది, బాబా చెయ్యి ఊపగానే బ్రేకు తొక్కాడు. పెడలు ఎంత వణికినా కాలు తియ్యలేదు. వెనక నుంచి ఆమె మూలుగు వినిపించినా తియ్యలేదు. బండి డ్రమ్ముకు ఇవతల ఆగింది.

"మాషాఅల్లా," అని బాబా దిగి డ్రమ్ము దగ్గరికి నడిచాడు.

సైఫుల్లా వెనక్కి తిరిగాడు. బెల్టు ఒరుసుకున్న చోట ఆమె మెడ ఎర్రగా కందింది. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నొప్పిగుందా?"

"ఉండదా మరి! నువ్వు యాడో, నేను యాడో అయ్యింటే ఈ నొప్పి ఎవురికి జెప్పుకుందు?" అంది ముబీనా.