గంట మోగితే తిరగాలి

టైపు టీచరు కాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి ఏడాది దాటింది. ముప్పయ్యేళ్ళపాటు హాలు నిండా పిల్లల వేళ్ళను నోటిమాటతో ఆడించిన మనిషి. ఇప్పుడు సొంత కాలే, గడప దగ్గరకు రాగానే, నేలకు మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. ఒళ్ళు పోదామంటుంది, పాదం రానంటుంది. ఆ తగువులో రెండుసార్లు కిందపడింది. రెండోసారి పడ్డప్పుడు మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. మంచం కింద దుమ్ము చూస్తూ, ఊడ్చి ఎన్నాళ్ళయిందోనని సిగ్గుపడుతూ అలాగే పడుకుంది.

పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ పెద్దగా కంగారుపడలేదు. కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ అప్పటికే మూతపడింది. వేళ్ళు వణికినా ఆగిపోయే పనేమీ లేదు. టైపు మిషన్లన్నీ తూకానికి వెళ్ళిపోగా, గంట బాగా మోగుతుందని ఒక్కదాన్ని ముందుగదిలో ఉంచుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయి ఊరుకున్నారు. నాది అనుకోవడానికి ఉన్నది ఒక్క తమ్ముడు.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. ప్రతి ఆదివారం వస్తాడు, మందులు తెస్తాడు, గడియారం చూసుకుంటూ కాసేపు కూర్చుంటాడు. అక్క రెండోసారి పడ్డాక మాత్రం తెగేసి చెప్పాడు. పెద్దవాళ్ళను చూసుకునే హోము ఒకటి చూసి వచ్చాడట. గది శుభ్రంగా ఉందట, కిటికీ కూడా ఉందట. కిటికీ ఉందని గొప్పగా చెప్పుకోవాల్సిన గది ఎలా ఉంటుందో ఆవిడకు వేరే చెప్పాలా? చాలాసేపు వాదించుకున్నాక ఒక బేరం కుదిరింది. నెలాఖరుకల్లా ఆవిడ మంచం దగ్గర్నుంచి వీధి తలుపు దాకా నడిచి, తలుపు తీసి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. ఎవర్నీ పట్టుకోకూడదు. కూర్చుంటే ఈ ఇల్లు, లేకపోతే ఆ కిటికీ.

నడక నేర్పడానికి తమ్ముడే ఒక ఫిజియోథెరపీ అమ్మాయిని కుదిర్చాడు. కాళ్ళకు లోపల్నుంచి హుకుం అందనప్పుడు బయట్నుంచి చప్పుడు అందించాలంది ఆ అమ్మాయి. పాటైనా సరే, తాళమైనా సరే, దెబ్బ సమంగా పడితే చాలు, దాని మీద అడుగు వేసుకుంటూ పోవచ్చు. ముందు పాటలు పెట్టింది. టీచరు పాటలో మాటలు వింటూ ఉన్నచోటే నిలబడిపోయింది. తర్వాత ఫోన్లో తాళం పెట్టింది. టక్కు టక్కు టక్కు, నాలుగో దెబ్బకు చిన్న గంట. మూడడుగులు ముత్యాల్లా పడ్డాయి. గంట మోగగానే టీచరు గిరుక్కున వెనక్కి తిరిగింది. మళ్ళీ మూడడుగులు, మళ్ళీ గంట, మళ్ళీ తిరగడం. గది మధ్యలో గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంటే, రోగం ముదిరిందేమోనని ఆ పిల్ల గుండె జారిపోయింది.

"అసలు గంటెందుకు పెట్టావమ్మా?" అంది టీచరు విసుగ్గా. "గంట మోగిందంటే లైను అయిపోయినట్టు. వెనక్కి రావాలి. ముప్పయ్యేళ్ళు అదే కదా చెప్పాను అందరికీ."

ఆ అమ్మాయి టైపు మిషన్ని దగ్గర్నుంచి చూసి ఎరగదు. టీచరు ముందుగదిలో మిషను మీద కప్పిన దుప్పటి తీసి చూపించింది. మీటలు కొడుతుంటే కాగితమున్న క్యారేజీ పక్కకు జరుగుతూ పోతుంది. లైను చివర గంట మోగుతుంది. అప్పుడు పిడి పట్టుకుని క్యారేజీని మళ్ళీ మొదటికి నెట్టాలి. వింటూ వింటూ అమ్మాయి ఉన్నట్టుండి నవ్వింది. ఈ జబ్బులో నడవడం కంటే తిరగడం కష్టం, చాలామంది పడేది అక్కడేనట. ఈవిడేమో గంట వినబడితే చాలు, ఆలోచన కూడా లేకుండా తిరుగుతోంది.

మర్నాటి నుంచి అమ్మాయి మిషను ముందు కూర్చుంది, టీచరు నడిచింది. మొదట్లో అమ్మాయి కొట్టుడు రేకు డబ్బాలో రాళ్ళు పోసినట్టుండేది. దానికి నడిస్తే బాగున్న కాళ్ళకే లేని రోగం వస్తుంది. అందుకని ముందు ఆ పిల్లకు టైపు నేర్పాల్సి వచ్చింది. ఎవరు ఎవరికి వైద్యం చేస్తున్నారో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. "వేళ్ళ వంక చూడకు, కాగితం చూడు" అని టీచరు. "మీరు కాళ్ళ వంక చూడకండి, తలుపు చూడండి" అని అమ్మాయి. ఎంత చెప్పినా ఇద్దరి కళ్ళూ కిందికే పోయేవి.

నిజం చెప్పాలంటే అంత సంతోషంగా గడిచిన రోజులు ఆవిడకు ఈమధ్య లేవు. అమ్మాయి వచ్చే వేళకు ముందే తల దువ్వుకుని, మిషనుకు కొత్త కాగితం ఎక్కించి, వీధి తలుపు వైపు చెవి పెట్టి కూర్చునేది. నడక కుదురుతున్నకొద్దీ దిగులు పట్టుకుంది. కాళ్ళు బాగుపడితే ఈ పిల్ల ఇంకెందుకు వస్తుంది? బాగుపడకపోతే ఇల్లే పోతుంది. ఒకరోజు అడుగు పడుతున్నా పడనట్టు గడప దగ్గర కావాలని ఆగింది కూడా. అమ్మాయి కనిపెట్టిందో లేదో, మళ్ళీ మొదట్నుంచి కొట్టింది.

నెలాఖరు ఇంకా రాకముందే అమ్మాయికి వేరే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. చివరిరోజు తన టైపు చప్పుడంతా టీచరు ఫోన్లో రికార్డు చేసింది. మంచం నుంచి తలుపుకు ఒక లైను, గంట, తలుపు నుంచి మంచానికి ఇంకో లైను. మొదటి లైను బ్రహ్మాండంగా వచ్చింది. రెండోదాని మధ్యలో వేలు జారి, అక్షరాల కడ్డీలు రెండు ఒకదాన్నొకటి పట్టుకుని ఇరుక్కున్నాయి. అలవాటు కొద్దీ ఇద్దరూ ఏదో అనుకున్నారు, ఆ మాటలూ అందులో పడ్డాయి. మళ్ళీ చేస్తానంది అమ్మాయి. టీచరు వద్దంది. అన్నీ ఒప్పులే కొడితే అది నువ్వని ఎలా తెలుస్తుందంది. అనేశాక, ఎక్కువ మాట్లాడానేమోనని కిటికీ వైపు తిరిగింది.

చెప్పిన ఆదివారం తమ్ముడొచ్చాడు. పక్కన నడుస్తానంటే అక్క అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోను మంచం మీద పెట్టి రికార్డు నొక్కింది. మీటలు పడుతున్నకొద్దీ అడుగులు పడ్డాయి. గడప దాటింది, ముందుగది దాటింది, గడియ తీసి తలుపు తెరిచింది. గంట మోగింది. తిరిగింది. తిరుగుదారిలో గడప దగ్గరకు వచ్చేసరికి కడ్డీలు ఇరుక్కున్న చప్పుడైంది. మీటల చప్పుడు ఆగింది. కాలు ఆగిపోయింది. ఒళ్ళు ముందుకు వాలుతోంది. తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

"అయ్యో, తప్పు కొట్టాను టీచర్‌గారూ," అంది ఫోన్లో అమ్మాయి.

ఆ వెంటనే ఇంకో గొంతు, కాస్త కరుగ్గా. అది తనదేనని పోల్చుకోవడానికి ఆవిడకు క్షణం పట్టింది. "పడితే పడింది. ఆగకు. ముందుకు కొట్టు."

మీటలు మళ్ళీ మొదలయ్యాయి. ఎంతమంది పిల్లలకు చెప్పిందో ఆ మాట. తనకు చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు. పాదం లేచింది. గడప దాటి వచ్చి మంచం మీద కూర్చుంది.

తమ్ముడి కళ్ళు చెమ్మగిల్లాయి. వాడిది దొంగ ప్రేమ కాదు.

"గెలిచావక్కా," అన్నాడు. "గుండె మీద కుంపటి దించినట్టుంది. ఇంక వారం వారం పరిగెత్తుకు రానక్కర్లేదు. నెలకోసారి వచ్చి చూసి వెళ్తాలే."

అలాగేరా అంది. ఇంకేమంటుంది? మెట్ల మీద తమ్ముడి అడుగులు ఎక్కడా తడబడకుండా దిగిపోయాయి. ఇల్లు ఆవిడకు దక్కింది. అందులో ఆవిడ తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం మళ్ళీ రికార్డు పెట్టింది. నడవడానికి కాదు. మంచం మీద కూర్చునే, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, మొదటి లైనూ గంటా విన్నది. తప్పు పడే చోటు కోసం కాచుకుంది.

"అయ్యో, తప్పు కొట్టాను టీచర్‌గారూ," అంది అమ్మాయి.

రికార్డులో తన గొంతు గద్దించేలోపే టీచరు ఫోను ఆపేసింది.

"ఫర్వాలేదమ్మా," అంది ఖాళీ గదిలో. "తొందరేముంది, మళ్ళీ మొదట్నుంచి కొట్టు."

రికార్డును మొదటికి తెచ్చి పెట్టింది.