చారెడు తవుడు

సుత్తె లేచింది, రాయి రెండైంది, ఎగిరిన పెంకు ఒకటి రామమ్మ మోకాలి కింద గీరుకుంటూ పోయింది. ఆమె చూసుకోలేదు. గోనెపట్టా మీద ఎడమకాలు మడిచి, కుడికాలు చాపి, ఆ కాలి పక్కన బండ మీద రాయి పెట్టి కొట్టడం ఆమెకు పదేళ్ల అలవాటు. మోకాలి నుంచి మడమ దాకా ఆ కాలు పాత గాట్లతో, కొత్త గాట్లతో గరుకు తేలింది. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. ముప్పై ఏళ్లకే జుట్టు నెరిసిందో, రాతిదుమ్ము పట్టిందో దగ్గరికి వెళ్లి చూసినా తెలియదు.

నందికొండ దగ్గర కృష్ణకు కట్ట కడుతున్న రోజులవి. అక్కడికి ఆరు మైళ్ల అవతల ఒక కంట్రాక్టరు క్వారీ. మగవాళ్లు కొండకు రంధ్రాలు తొలిచి, మందు పెట్టి పేలుస్తారు. ఆడవాళ్లు ఆ ముక్కలను కంకర కొడతారు. రామమ్మ మొగుడు జానయ్య మొన్న మాఘంలో, మందు ఆలస్యంగా పేలి పోయాడు. మనిషిని గంపలో తెచ్చారు. మూడోరోజుకే ఆమె మళ్లీ సుత్తె పట్టింది. పట్టక ఏం చేస్తుంది?

"రామమ్మా, నీల్లు" అంటూ ఆరేళ్ల పెంటమ్మ సత్తుచెంబుతో వచ్చింది.

రామమ్మ గటగటా తాగి, ఖాళీ చెంబుతోనే పిల్ల నెత్తిన ఒకటి మొట్టింది. "ఎవలి పీడవే నువ్వు? నా మీద పడ్డవేంది? పో, మీ అమ్మ తానికి పో."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. కొత్తవాళ్లైతే జాలిపడేవారు గాని, వీళ్లకు సంగతి తెలుసు. పెంటమ్మకు ముందు రామమ్మకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. నాలుగోది పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. కూలీల గుడిసెల్లో గాజులమ్ముకునే ఇక్బాల్ బీ, ముందు అనుకున్న ప్రకారం వచ్చి, "గీ పిల్లను అమ్ముతవా?" అని అడిగి, చారెడు తవుడు ఆమె ఒళ్లో పోసి కొనుక్కుంది. కొని మళ్లీ రామమ్మ చేతుల్లోనే పెట్టింది, పాలిచ్చి పెంచమని. ఆ తవుడును రామమ్మ పసుపుగుడ్డలో మూటగట్టి బొడ్లో దోపుకుంది. ఆరేళ్లుగా అది అక్కడే ఉంది.

పరాయి సొత్తయిన పిల్ల జోలికి చావు రాదని ఆమె నమ్మకం. అందుకే "నా బిడ్డ" అన్న మాట రామమ్మ నోట ఒక్కనాడూ రాలేదు, పెంటమ్మ ఆమెను ఒక్కనాడూ అమ్మా అని పిలవలేదు. నలుగురిలో పిల్లను తిట్టేది, కొట్టేది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందు ఆ దెబ్బల మీదే నూనె రాసేది. ఇంత మోటు ప్రేమ ఆ క్వారీలో ఇంకెవరికీ లేదు.

ఎండ ఎక్కకముందే ఇక్బాల్ బీ గాజుల మలారంతో వచ్చి నిలబడింది. "అరె, లెవ్వు రామమ్మా. ఇయ్యాల్నే ఆఖరి దినం. గా క్లర్కు మల్ల పేర్లు రాస్కోడట."

తండ్రి చనిపోయిన పేద పిల్లలకు సర్కారు నెలకు ఇంత అని సాయం ఇస్తుందని మూడు నెలల కింద డప్పు కొట్టించారు. రామమ్మ అర్జీ రాయించింది. ఆ సాయం అందితే క్వారీ వదిలేసి, దేవరకొండ అవతల తల్లిగారి ఊరికి పోయి, రెండు మేకలు పెట్టుకుని, పిల్లను ఈ పేలుళ్లకు దూరంగా పెంచుకోవాలని ఆమె ఆశ. ఇంతకు మించి ఆమె ఏనాడూ ఏదీ కోరుకోలేదు.

"పగటి బువ్వ యాల్లకు రాకుంటె పూర దినం కూలి కోస్త" అన్నాడు మేస్త్రీ ఎల్లస్వామి. అని ఊరుకోలేదు. ఆమె గంపను కాలితో తన్నాడు. పొద్దుటి నుంచి కొట్టిన కంకరంతా చెల్లాచెదరైంది. రామమ్మ దాన్ని మళ్లీ ఏరి గంపలో పోసి, అప్పుడు లేచి, పిల్లను వెంటబెట్టుకుని ఇక్బాల్ బీతో బయల్దేరింది.

క్లర్కు కూర్చున్న రేకుల షెడ్డు ముందు నూరు మందికి తక్కువ లేరు. జవాను కృష్ణయ్య వెదురుకర్రతో, వరుస తప్పిన వాళ్ల పిక్కల మీద కొడుతున్నాడు. ఇంటి దగ్గర ఆయన మెత్తని మనిషేనట. ఇక్కడ మాత్రం నోటికన్నా ముందు కర్రే మాట్లాడుతుంది. తోపులాటలో ఒక ముసలమ్మ కిందపడితే, ఆమె వేళ్లు తొక్కుకుంటూ పదిమంది ముందుకు పోయారు. అందులో రామమ్మా ఉంది.

లోపల బల్ల వెనక క్లర్కు రఘుపతి. తల ఎత్తకుండానే పేరడిగాడు, చెప్పింది. మొగుడి పేరు అడిగాడు. మొగుడి పేరు తన నోట చెప్పుకోదు కాబట్టి, ఇక్బాల్ బీ చెప్పింది.

"గీ పిల్ల ఎవలు?"

రామమ్మ పిల్లను ఇక్బాల్ బీ వైపు నెట్టింది.

"నీ బిడ్డనేనా?"

"బీబమ్మ బిడ్డ" అంది రామమ్మ, నేల చూస్తూ.

"కొన్నది నేనే సాబ్, చారెడు తవుడిచ్చి" అని ఇక్బాల్ బీ నవ్వింది. సంగతి తెలిస్తే ఆయనా నవ్వుతాడనుకుంది పాపం.

రఘుపతి నవ్వలేదు. కలం కింద పెట్టాడు. "పిల్లను అమ్ముకొని, మల్ల దాని పేరు మీద పైసలకొచ్చిన్రా?"

"గట్ల గాదు సాబ్! ఉత్తుత్తగ అమ్ముడు. కన్నది రామమ్మనే."

"నువ్వు జెప్తె నడ్వదు. తల్లి తన నోటితోని చెప్పాలె. రామమ్మా, ఆఖరిసారి అడుగుతున్న. నీ బిడ్డనా, కాదా?"

రామమ్మ నోరు తెరిచింది. గుడిసెల వెనక తుమ్మచెట్టు కింద వరుసగా మూడు చిన్న మట్టికుప్పలు కళ్ల ముందు కదిలాయి. చెయ్యి బొడ్లో మూట మీదికి పోయింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట రాలేదు.

"కృష్ణయ్యా, బయటికి పంపు."

కృష్ణయ్య జబ్బ పట్టి లాగాడు. ఆమె బల్లకోడు పట్టుకుని వదల్లేదు. వీపు మీద ఒక దెబ్బ పడింది, ఇంకొకటి పడింది. ఆమెకు అవి లెక్క కాదు. మూడో దెబ్బకు కర్ర లేచేసరికి పెంటమ్మ వచ్చి ఆమె వీపును కరుచుకుంది. వెదురుకర్ర మొన పిల్ల నొసట తగిలి చర్మం చీలింది. నెత్తురు కళ్లలోకి కారింది.

రామమ్మ ఎలా లేచిందో ఎవరూ చూడలేదు. కృష్ణయ్య మణికట్టు ఆమె పళ్ల మధ్య ఉంది. ఎముక తగిలేదాకా కొరికింది. వాడు కేకపెట్టి కర్ర వదిలేస్తే అందుకుని భుజం మీద, మెడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ బాదింది.

"నా బిడ్డరా! నా బిడ్డను కొడ్తవా? నా కడుపుల పుట్టిన బిడ్డను కొడ్తవా? నీ చేతులు పడిపోను!"

ముగ్గురు మగవాళ్లు పట్టుకుంటే గాని ఆగలేదు. అప్పుడు తానన్న మాట ఆమెకే వినిపించింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చేతికి కృష్ణయ్య నెత్తురంటింది.

గోడకు అతుక్కున్న రఘుపతి మెల్లగా కుర్చీలోకి వచ్చాడు. "మా అవ్వ పేరు గూడ పెంటమ్మనే" అన్నాడు అర్జీలో పిల్ల పేరు మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి. "గా మాట ముందే అంటె నీ సొమ్మేం పోయేది?"

రాసుకున్నాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించాడు. వచ్చే నెల నుంచి సాయం అందుతుందన్నాడు. రామమ్మకు ఆ మాట చెవిన పడిందో లేదో.

దారిలో పెంటమ్మ, నొసట ఇక్బాల్ బీ చింపి కట్టిన గుడ్డతో, "ఇంక నిన్ను అమ్మా అనాల్నా?" అని అడిగింది. రామమ్మ దాని చెంప మీద ఒక్కటి చరిచింది. వెంటనే అక్కడే, నడిబాటలో, పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తుండగానే పిల్లను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత బొడ్లోంచి మూట తీసింది.

"నీ తవుడు నువ్వు తీస్కో బీబమ్మా. మాట తప్పిన. ఇంక బేరం లేదు."

ఇక్బాల్ బీ ఆ చేతిని వెనక్కి నెట్టింది. "కొన్న సరుకు నేను వాపసియ్య. బేరం బేరమే. నా బిడ్డను ఎవ్వడు ముట్టడు. నువ్వు జర ఫికర్ చెయ్యకు."

దిగులు పడకుండా ఎలా ఉంటుంది? అన్నది అన్నదే. చావు చెవిటిది కాదు. మధ్యాహ్నమంతా రామమ్మ సుత్తె గురి తప్పుతూనే ఉంది. రాయి మీద ఒక దెబ్బ పడితే, పక్కన గోనె మీద పడుకున్న పిల్ల మీద రెండు చూపులు పడుతున్నాయి. పిల్లకు ఒళ్లు కాలిపోతోంది.

నాలుగింటికి పేలుడు ఎర్రజెండా లేచింది. ఈల వినగానే అందరూ కాలువ గోతి అవతలికి పరుగెత్తారు. రామమ్మ పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తింది గాని, గాట్లు పడ్డ కాలు, వాచిన వీపు సహకరించలేదు. సగం దారిలో, మందుకు నిప్పంటించే రెండో ఈల వేశారు. ఇక గోతి దాకా పోలేదు. రాళ్లు మోసే ఇనుపతొట్టి ఒకటి విరిగి, బోర్లా పడి ఉంది. పిల్లను దాని కిందికి తోసింది. ఒక్క పిల్ల పట్టే చోటే ఉంది. ఒకవైపు అంచు రాయి మీద ఆని, మూరెడు సందు మిగిలింది. ఆ సందుకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

చావు ఇటే వస్తుందని ఆమెకు తెలుసు. పిల్ల కోసమే వస్తుంది. రానీ, తనను దాటుకుని పోవాలి కదా.

కొండ పగిలింది. రాళ్లు తొట్టి మీద దడదడా పడ్డాయి. కొంతసేపటికి దుమ్ము కూడా నేలకు దిగింది. మూడో ఈల విని అందరూ తిరిగి వచ్చారు. రామమ్మ అలాగే కూర్చుని ఉంది.

"ఇంకెంతసేపు కూసుంటవ్, లెవ్వు" అని ఎల్లస్వామి ఆమెను కాలితో కదిపాడు. ఆమె పక్కకు ఒరిగింది. చెవి వెనక చిన్న దెబ్బ, నెత్తురు కూడా ఎక్కువ లేదు. పక్కన పడి ఉన్న రాయి నిమ్మకాయంతే ఉంది. అలాంటివి ఆమె రోజుకు ఎన్ని కొట్టేదో. ఎల్లస్వామి కాలు వెనక్కి తీసుకుని, తలగుడ్డ విప్పాడు.

తొట్టి కింది నుంచి "అమ్మా" అని పిలుపు వచ్చింది. ఇంకోసారి వచ్చింది. గుడిసెల నుంచి పరుగెత్తుకొచ్చిన ఇక్బాల్ బీ మోకాళ్ల మీద కూలబడి, సందులోకి చెయ్యి చాపింది. "వచ్చిన బిడ్డా, వచ్చిన" అంది.

మరుసటి నెల సాయం పంచేనాడు రేకుల షెడ్డులో రఘుపతి ముందు ఆమే నిలబడింది, పిల్ల చెయ్యి పట్టుకుని. ఆయన కాగితం చూశాడు. తల్లి పేరు చూశాడు. ఏమీ తెలియనట్టు అడగాల్సింది అడిగాడు.

"గీ పిల్ల ఎవలు?"

"నా బిడ్డ సాబ్. కొనుక్కున్న."

"రుజువు?"

ఇక్బాల్ బీ, ఆనాడు రామమ్మ బొడ్లోంచి తీసి దాచిన పసుపుగుడ్డ మూటను బల్ల మీద పెట్టింది. రఘుపతి ముడి విప్పాడు. పురుగు పట్టి నల్లబడ్డ తవుడు, చారెడు. చాలాసేపు చూసి, మళ్లీ ముడేసి, రుజువు కింద సిరాబుడ్డి పక్కన ఉంచి, కాగితం మీద తల్లి పేరు పక్కన ఇంకో పేరు రాశాడు.

వాళ్లు వెళ్లాక, మణికట్టు మీద పళ్లగాటు ఇంకా మానని కృష్ణయ్య బల్ల తుడవడానికి వచ్చాడు. మూటను ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. బల్లంతా తుడిచి, దాన్ని మళ్లీ సిరాబుడ్డి పక్కనే పెట్టాడు, ముడి విప్పకుండా.