కుడి మూల బొటనవేలు

ఆ దుకాణం వెబ్‌సైటులో ఏ ఫొటో తెరిచినా కింద కుడి మూల ఒక బొటనవేలు కనిపిస్తుంది. కొన్నింట్లో గోరు మాత్రమే, కొన్నింట్లో సగం వేలు. ఒక ఊగుడు కుర్చీ ఫొటోలో అయితే వేలు దర్జాగా కూర్చున్నట్టూ, కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డట్టూ ఉంటుంది. ఆ వేలు అక్కది. అక్క మాత్రం ఆ సంగతి ఏనాడూ ఒప్పుకోలేదు.

"అది వేలు కాదురా, ఫోను అద్దం మీద మరక," అనేది తమ్ముడితో. ఫోను మార్చారు, మరక మారలేదు. ఇంకో ఫోను కొన్నారు, మరక అందులోకీ వచ్చి కాపురం పెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నాన్న నవ్వితే, "మరక మీ కళ్ళద్దాలకే ఉంది, తుడుచుకోండి," అని ఆయన్నే కసిరేది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పేము కుర్చీలకి అల్లిక ఊడిపోతే మళ్ళీ అల్లి ఇచ్చే దుకాణం అది. కింద ఒక పొడుగాటి గది. గోడ వెంబడి నడుములు విరిగిన కుర్చీలు, మధ్యలో రేకు తొట్టి, తొట్టి నీళ్ళలో నానుతున్న పేము బద్దలు, వీధివైపు అద్దాల తలుపు. పైన రెండు గదుల్లో అక్క ఉంటుంది. తమ్ముడు తన భార్యతో రెండు వీధుల అవతల కాపురం ఉంటూ, పొద్దున్నే వచ్చి దుకాణం తీస్తాడు. నాన్న ఉన్నంతకాలం ముగ్గురూ ఆ గదిలోనే పనిచేసేవారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక జనం పేము కుర్చీల్ని అటకెక్కించారు. "ఇంక తాళం వేసేద్దాం," అని నాన్న నీరుగారిపోయిన రోజుల్లో అక్క ఈ సైటు పెట్టింది.

సైటంటే ధరలూ ఫోను నంబరూ పెట్టి ఊరుకోలేదు. దుకాణంలోకి వచ్చిన ప్రతి కుర్చీ గురించీ ఒక కబురు రాసేది. కుర్చీ తెచ్చినవాళ్ళని ఓ పట్టాన వదిలేది కాదు. "ఇందులో ఎవరు కూర్చునేవారండీ?" అని మెల్లిగా మొదలుపెట్టి కూపీ లాగేది. శిష్యులు అపస్వరం పలికినప్పుడల్లా సంగీతం మాస్టారు గోకి గోకి ఊడగొట్టిన కుర్చీ. పిల్లి తప్ప ఎవరూ కూర్చోవడానికి వీల్లేని కుర్చీ. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నప్పుడు ముందు ఎవరు ఆక్రమిస్తే వాళ్ళే గెలిచినట్టు లెక్కైన కుర్చీ. జనం అవన్నీ చదివారు, చదివి అటకలమీంచి కుర్చీలు దించారు. "మా కుర్చీకీ ఒక కథుందండీ," అంటూ గుమ్మంలోనే మొదలుపెట్టేవారు.

కుర్చీలు అల్లడం తమ్ముడి వంతు, కబుర్లు చెప్పడం అక్క వంతు. తమ్ముడి నోట మాట రావడం గగనం. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయం వీడికి," అనేది అక్క. మధ్యాహ్నం పూట పని కాస్త సద్దుమణిగాక, అప్పుడే రాసింది పైకి చదివేది. నాన్న తొట్టిలోంచి చేతులు తియ్యకుండానే వినేవారు. తమ్ముడు తల ఎత్తకుండా అల్లుతూ నవ్వుకునేవాడు. తడి పేము వాసన, అక్క గొంతు. దుకాణం అనుకుంటే చాలు, అతనికి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేవి ఆ రెండే.

నాన్న పోయారు. తర్వాత కొన్నాళ్ళకి అక్క చూపుకి నడిమధ్యలో ఒక మసక మొదలైంది. అది పెరిగి పెరిగి, చివరికి వెలుతురూ నీడలూ తప్ప ఏమీ మిగల్చలేదు. పోయిన చూపు తిరిగిరాదని డాక్టరు ఉన్న మాట చెప్పేశాడు. అక్క ఏడవలేదు. కిందికి దిగడం మానేసింది, అంతే.

"దిగొచ్చి ఏం చెయ్యమంటావురా?" అంది తమ్ముడు పిలిచినప్పుడు. "కుర్చీల మధ్య తడుముకుంటూ, వచ్చినవాళ్ళ చేత అయ్యో పాపం అనిపించుకోమంటావా? ఫొటోలు తియ్యలేనిదానికి సైటెందుకు? నెలాఖరుకి దాని గడువైపోతుందిగా, మళ్ళీ డబ్బు కట్టకు. దాని దారిన దాన్ని పోనీ."

సైటు పోతే బేరాలు తగ్గుతాయన్న బెంగ తమ్ముడికి లేకపోలేదు. కానీ అసలు బెంగ వేరే ఉంది. ఆ సైటు కూడా పోయిందంటే, అక్క ఇంక జన్మలో ఆ మెట్లు దిగదు. ఆ మాట అక్కతో చెప్పాలి. చెప్పడమే కదా అతనికి చేతకానిది!

అందుకని సైటు అమ్మాయిని పిలిచాడు. ఒకప్పుడు వాళ్ళమ్మతో కలిసి కుర్చీ మోసుకొచ్చిన పిల్లే. ఇప్పుడు చిన్న చిన్న వ్యాపారాలవాళ్ళ సైట్లు బాగుచేస్తోంది. గది నిండా కుర్చీలున్నా కూర్చోవడానికి పనికొచ్చేది ఒక్క ఇనప స్టూలే కాబట్టి, దాని మీద కూర్చుని సైటంతా తిరగేసింది.

"రాతలు బంగారం బాబాయ్, వాటి జోలికి పోను. కానీ ఏడాదిగా కొత్తది ఒక్కటీ లేదు. ఇలా వదిలేస్తే, పేము కుర్చీ అని వెతికేవాళ్ళకి మీరు ఎక్కడో అడుగున కనపడతారు. ఫొటోలు మరీ బరువు. పేజీ తెరుచుకునేలోపు మనిషి ముసలాడైపోతున్నాడు. అవన్నీ నేను చూసుకుంటా. ఒక్క పని మాత్రం మీదే. ఏ ఫొటోకీ వివరం లేదు. ఒక్కోదాంట్లో ఏముందో రెండేసి ముక్కలు రాసివ్వండి."

"సరే," అన్నాడు తమ్ముడు.

"ఈ వేళ్ళన్నీ కత్తిరించేస్తా. కుర్చీ ఒక్కటే నీటుగా కనిపిస్తుంది."

"సరే," అన్నాడు మళ్ళీ. ఆ మాట అలవాటైపోయినవాడికి ఎక్కడ అనాలో ఎక్కడ అనకూడదో తెలియదు.

వివరాలు రాసేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి ఫొటోకి "కుర్చీ" అని రాశాడు. రెండోదానికి "ఇంకో కుర్చీ". మూడోదానికి బాగా ఆలోచించి, "అదే కుర్చీ, పక్కనుంచి" అన్నాడు. నాన్న ఉన్న ఫొటోకి "నాన్న, కుర్చీ" అని రాసి, ఆ పూటకి సాహిత్యసేవ చాలించాడు. సైటు అమ్మాయి వాటిని సైటులోకి ఎక్కించడమైతే ఎక్కించింది గానీ, తల పట్టుకుంది.

"ఇదేంటి బాబాయ్? ఇవి ముఖ్యంగా చూడలేనివాళ్ళ కోసం. ఫోను పైకి చదివి వినిపిస్తుంది. ఇంకో కుర్చీ అంటే వాళ్ళకేం తెలుస్తుంది?"

చూడలేనివాళ్ళంటే ఎక్కడో ఎవరో ఉంటారనుకున్నాడు మన తమ్ముడు. సరిగ్గా తన నెత్తిమీద, పైగదిలో ఒకావిడ ఉందన్న సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మర్నాడు మధ్యాహ్నం అక్కకి భోజనం క్యారియర్ తీసుకుని మెట్లెక్కాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఫోను గొంతు ఎత్తూ పల్లం లేకుండా గడగడా చదివేస్తోంది. పిల్లి కుర్చీ కబురు. అక్క రాసిందే. చివర్లో, "చిత్రం. ఇంకో కుర్చీ," అంది ఫోను. అక్క పకపకా నవ్వింది.

"లోపలికి రారా మహాకవీ," అంది అతని అడుగు పోల్చుకుని. "నిన్నటిదాకా ఫొటో వస్తే ఏవో అంకెలు చదివేది. ఇవాళ ఇంకో కుర్చీ అంటోంది. ఎవడి పనో తెలిసిపోయింది."

"రోజూ వింటున్నావా?"

"మూసేసేలోపు అంతా ఒకసారి వినేద్దామని." నవ్వు మెల్లిగా ఆగిపోయింది. "ఒరేయ్, నాన్న తొట్టి దగ్గర కూర్చున్న ఫొటో ఉంది చూడు, అందులో ఆయన వేసుకున్న చొక్కా ఏ రంగురా? మొహం గుర్తుంది. చొక్కా పోయింది. నిన్నంతా తలుచుకుంటూ కూర్చున్నా, రాలేదు. కళ్ళు పోతే పోయాయి, చూసినవైనా మిగిలాయిలే అనుకున్నా. ఇప్పుడు అవీ పోతున్నాయిరా."

చొక్కా రంగు తమ్ముడికీ గుర్తులేదు. రెండు కళ్ళూ ఉండి, దాన్ని అన్నిసార్లు చూసి కూడా గుర్తులేదు. "చూసొస్తా," అని గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయాడు. క్యారియర్ అతని చేతిలోనే ఉండిపోయింది.

కింద ఫొటో తెరిచి కూర్చున్నాడు. నాన్న చొక్కా, ఆయన తడి చేతులు, వెనకాల తను, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. చివరికి కుడి మూలకొచ్చి ఆగాడు. తర్వాత ఇంకో ఫొటో తెరిచాడు, ఆ తర్వాత ఇంకోటి. నాన్న ఉన్నారు, తనున్నాడు, వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లి కూడా ఉంది. అక్క ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ తీసింది ఆవిడే, ఇంకెలా ఉంటుంది? ఉన్నదల్లా ఆ వేలొక్కటే. కత్తిరింపు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే సైటు అమ్మాయికి ఫోను చేశాడు.

"వేళ్ళు కత్తిరించకు."

"సగం కత్తిరించేశాను బాబాయ్."

"మళ్ళీ అతికించు."

"చూసేవాళ్ళకి కుర్చీ కావాలి గానీ వేలెందుకు చెప్పండి?"

"ఆ వేలు కూడా తీసేస్తే, మా అక్క ఈ దుకాణంలో ఉందని ఎవరికి తెలుస్తుందమ్మా?"

అంత పొడుగు మాట అతని నోట ఎప్పుడూ వినలేదేమో, ఆ అమ్మాయి మెత్తబడింది. "పాతవి దాచే ఉంచాను లెండి. తిరిగి పెట్టేస్తా," అంది.

క్యారియర్ చల్లారిపోయాక పైకి చేరింది. అక్క చేత మాటలు పడ్డాడు. రంగు మాత్రం చెప్పలేదు. "సైటులో ఉంటుంది, విను," అని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఒక చేతుల కుర్చీ ముందేసుకుని అల్లుతున్నాడు. ఆఖరి వరస. పైన కిటికీ తెరిచే ఉంది, ఫోను గొంతు మెట్లమీదుగా కిందికి వచ్చింది.

"చిత్రం. నాన్న తొట్టి ముందు కూర్చున్నారు. లేత ఆకుపచ్చ చొక్కా. పై బొత్తాం ఊడిపోతే నల్ల బొత్తాం కుట్టుకున్నారు. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. వెనకాల నేను, అప్పటికింకా జుట్టుంది. నాన్న చూస్తున్నది ఫోను వైపు కాదు, ఫొటో తీస్తున్న అక్క వైపు. కింద కుడి మూల అక్క బొటనవేలు."

తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. ఫోను మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా ఒక కేక.

"ఒరేయ్! అది వేలు కాదు, మరక!"

"వేలే!" అని అరిచాడు తమ్ముడు.

"మరకంటే మరకే! ఊరందరికీ వినపడేలా వేలని రాస్తావా? తీసెయ్ ముందు!"

"తియ్యను! వేలే!"

మెట్టు కిర్రుమంది. తర్వాత ఇంకో మెట్టు. అక్క గోడ పట్టుకుని, తిట్టుకుంటూ దిగి వస్తోంది. తమ్ముడు లేచి ఎదురెళ్ళబోయి, ఆగిపోయాడు. చెయ్యి అందిస్తే తను దిగుతున్న సంగతి ఆవిడకి గుర్తొస్తుంది, గుర్తొస్తే వెనక్కి తిరుగుతుంది. బిగబట్టుకుని కూర్చుని, "వేలే, వేలే," అని మాత్రం అంటూ ఉన్నాడు. ఆ మాట పట్టుకుని అక్క ఆఖరి మెట్టు కూడా దిగేసింది.

దిగి, గది మధ్యలో నిలబడిపోయింది. తడి పేము వాసన తగిలినట్టుంది. చెయ్యి చాచి తొట్టి అంచు పట్టుకుంది, వేళ్ళు నీళ్ళలో ముంచింది. ఇన్నాళ్ళూ ఏడవని మనిషి అక్కడ నిలబడి ఏడ్చింది. తమ్ముడూ ఏడ్చాడు, చప్పుడు కాకుండా. అందులోనూ పొదుపే.

"తప్పు రాశావు," అంది అక్క కాసేపటికి, తడి చేత్తోనే మొహం తుడుచుకుంటూ. "నల్ల బొత్తాం ఆయన కుట్టుకోలేదు. నేను కుట్టాను. తెల్లది దొరక్క."

"దిద్దుతా."

"ఇలాంటివి ఇంకెన్ని రాసి పెట్టావో! అన్నీ నాకు చదివి వినిపించు. సైటు గడువు ఇంకెన్నాళ్ళుంది?"

"కట్టేశా."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావుగా."

అక్క మూతి బిగించింది గానీ నవ్వు ఆగలేదు. తడుముకుంటూ వచ్చి అతని ముందున్న కుర్చీ మీద అరచెయ్యి వేసి, అల్లిక మీదుగా అటూ ఇటూ నిమిరింది. "ఇది ఎవరిది? ఇందులో ఎవరు కూర్చునేవారు?"

"బస్సు డ్రైవరుది. పనిలోంచి దిగిపోయాక కొనుక్కున్నాడట. కిటికీ పక్కనే వేసుకుంటాడట," అన్నాడు తమ్ముడు.

"కిటికీ పక్కనేనా? బావుంది. పద, రాద్దాం. ఫోను ఇటు తే."

తమ్ముడు ఫోను ఆవిడ చేతిలో పెట్టి, కుర్చీని వెలుతురులోకి జరిపాడు. అక్క దాని వైపు తిరిగి, పాత పద్ధతిలోనే ఒక కన్ను మూసుకుని, నొక్కింది.

"ఎలా వచ్చింది?"

తమ్ముడు చూశాడు. ఫొటో నిండా బొటనవేలు. పై అంచున పేము అల్లిక ఓ రవ్వ కనిపిస్తోంది.

"బాగొచ్చింది."

"అయితే వివరం రాయి. ఫోను చేత చదివించు, నేను వింటా."

అతను రాశాడు. ఫోను చదివింది.

"చిత్రం. మా అక్క బొటనవేలు. దాని వెనకాల ఒక కుర్చీ."

అక్క ఈసారి మరక అనలేదు.