పిండి పొంగేంత పాట

బేకరీ పెద్దాయన తన నీడను కూడా ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుని గానీ నమ్మడు. పాలాయన పోసి వెళ్ళిన పాలలో వేలు ముంచి చూస్తాడు. గుడ్లను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తాడు. పిండిమూట కుట్టు వరసగా లేకపోతే ఎవరో విప్పి మళ్ళీ కుట్టారంటాడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఎలాగో మా ఆయన దగ్గర నేర్చుకోవాలి," అని ఆయన భార్య కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో అంటూ ఉంటుంది. ఆవిడ ఎవరితో అందో, వాళ్ళెందుకు నవ్వారో కూడా ఆయన ఓ కంట కనిపెడుతూనే ఉంటాడు.

అంతటి అనుమానప్పక్షీ జన్మలో ఒక్కదాన్ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు. బేకరీ లోపలి గదిలో, కిటికీ పక్క అరుగు మీద ఉండే టేప్ రికార్డరు. దానికి ఒకటే క్యాసెట్టు. ఒకే గాయని పాడిన పాత పాటలు, బేకరీ తెరిచిన ఏడాది కొన్నది. ఆ గదిలో గడియారం లేదు. గడియారం చూసి పొంగడానికి పిండికేమైనా చదువొచ్చా అనేవాడు. పిండి కలిపి తడిగుడ్డ కప్పాక క్యాసెట్టు మొదటి పక్క పెడతాడు. ఆ పక్క అయిపోయి మీట టక్కున పైకి లేచిందంటే పిండి పొంగినట్టే. ముద్దలు చేసి రేకు అచ్చుల్లో సర్దాక రెండో పక్క. అదీ అయిపోతే అచ్చులు ఓవెన్లోకి. ఊళ్ళో మిగతా బేకరీలవాళ్ళు పిండిని వేలితో నొక్కి చూసుకుంటారని విని ఆయన జాలిపడేవాడు. పైగా వాళ్ళు వేసే ఈస్ట్‌లో సగంతోనే తన బ్రెడ్డు దూదిలా పొంగుతుందని, అదంతా తన చేతి మహత్తని చెప్పుకునేవాడు.

కోడలు ఆ గదిలోకి వచ్చి ఆరునెలలు అవుతోంది. కొడుకు మోటారుసైకిలు మీద బ్రెడ్డు దుకాణాలకు వేసి వస్తాడు కాబట్టి లోపల పనికి ఆమే సాయం. పని వచ్చిన పిల్ల, మాట తక్కువ. అయితే పెళ్ళికి ముందు ఊరి అవతల మెషీన్ బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రం దగ్గర పనిచేసింది. పెద్దాయన మనసులో ఆ ముల్లు సంబంధం కుదిరిన రోజే గుచ్చుకుంది. అక్కడ మంచి ఉద్యోగం మానేసి ఈ పొగలోకి ఎందుకొచ్చినట్టు? మన అబ్బాయి కోసం వచ్చిందని భార్య చెబితే, వాడిలో అంత ఏముందని ఆయన ఇంకాస్త అనుమానపడ్డాడు.

దానికి తోడు ఆమె పాటలొకటి. పిండి పిసుకుతున్నంతసేపూ, అచ్చులు తుడుస్తున్నంతసేపూ ఫోనులో ఏవో పెట్టుకుంటుంది. ఓ రోజు ఒట్టి డప్పులు. ఓ రోజు ఎక్కడి భాషో తెలియని పడవవాళ్ళ పాటలు. ఇంకో రోజు జాజ్ అంది. వాయించేవాళ్ళలో ఒకడి మాట ఇంకొకడు వింటున్నట్టు ఆయనకు తోచలేదు. ర్యాప్ అని పెట్టినప్పుడైతే, ఎవరు ఎవర్ని తిడుతున్నారో, అందులో తన పేరేమైనా ఉందేమోనని చెవి ఒగ్గి విన్నాడు. డప్పుల పాటకు ఒకసారి తన కాలు దానంతటదే ఆడుతుంటే ఆ కాలిని కూడా కాసేపు గుర్రుగా చూశాడు.

అలా ఉండగా ఓ మధ్యాహ్నం, పిండికి గుడ్డ కప్పి మీట నొక్కగానే టేప్ రికార్డరు క్యాసెట్టును నమిలేసింది. లోపలి రిబ్బను కుప్పగా బయటికి వచ్చి మధ్యకు తెగిపోయింది. పెద్దాయన చేతులు ఆడలేదు. పక్కన పిండి పొంగుతూనే ఉంది.

"కంగారుపడకండి మామయ్యా. ఈ పాటలే ఇందులో కూడా ఉన్నాయి. అదే ఆవిడ, అదే వరస," అని కోడలు ఫోనులో వెతికి పెట్టింది.

మొదటి చరణం కాకుండానే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇది ఆవిడ గొంతు కాదు."

"ఆవిడదే మామయ్యా."

"ఇన్నేళ్ళు విన్నవాణ్ణి, నాకు చెబుతావా? ఆవిడ గొంతు నిండుగా ఉంటుంది, తాపీగా పాడుతుంది. ఇదెవరో సన్నగొంతు పిల్ల, బస్సు వెళ్ళిపోతున్నట్టు పాడుతోంది. ఎవరో కాపీ కొట్టి ఆవిడ పేరు పెట్టుకున్నారు."

కోడలు నవ్వాపుకుంది. ఆ నవ్వు ఆయన చూశాడు. అయినా వేరే దారి లేక ఆ పాటలతోనే పని నడిపించాడు. పాటలయ్యాక కోడలు గుడ్డ ఎత్తి, వేలితో మెల్లగా నొక్కి చూసింది.

"ఇంకా పూర్తిగా పొంగలేదేమో మామయ్యా. కాసేపు ఉంచుదామా?"

"పక్క అయిపోయాక ఉంచితే పులుస్తుంది. ఆ ఫ్యాక్టరీ తెలివి నా దగ్గర వద్దు," అన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం బ్రెడ్డు గట్టిగా, పొట్టిగా, పక్కలు పగిలి వచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఇంకాస్త నయమని భార్య అబద్ధమాడింది గానీ, కొన్నవాళ్ళు ఆడలేదు. పెద్దాయనకు నిద్ర కరువైంది. పిండి అదే, నీళ్ళు అవే, ఓవెన్ అదే. కొత్తగా వచ్చింది ఏమిటి? కోడలు. ఇక్కడ బ్రెడ్డు చెడితే బాగుపడేదెవరు? ఫ్యాక్టరీ. ఇలా రెండూ రెండూ కలిపి ఆయన నాలుగు కాదు, నలభై చేశాడు. ఈస్ట్ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. కోడలు పిండిలో చెయ్యి పెడితే ఎదురుగా కూర్చుని ఆ చేతులనే చూసేవాడు. ఆమె చెంప మీద వాలిన ఈగను తోలుకున్నా, ఆ చేతిలో ఏముందోనని మెడ సాచేవాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. పాపం ఆ పిల్లనేమిటి అలా చూస్తారు?" అంది భార్య.

"నువ్వు ఊరుకో. నీకు తెలీదు."

ఇలా లోపల ఉడుకుతున్నది బయటపడటానికి హాస్టల్ వంటాయన కారణమయ్యాడు. ఆయన ఏళ్ళ తరబడి హాస్టల్ పిల్లలకు ఇక్కడే బ్రెడ్డు కొంటున్నాడు. ఓ ఉదయం వచ్చి, ముందురోజు బ్రెడ్డును కౌంటరు మీద ఠంగుమనిపించాడు.

"ఇది తినడానికా, గోడ కట్టడానికా పెద్దాయనా? పిల్లలు దీంతో ఆటలాడుతున్నారు. ఇంకో నాలుగు రోజులు చూస్తాను, తర్వాత ఫ్యాక్టరీ బ్రెడ్డే తెప్పించుకుంటాను."

ఫ్యాక్టరీ అన్న మాట చెవిన పడగానే పెద్దాయనకు ఒళ్ళు తెలియలేదు. "నన్నేం చెయ్యమంటారు? ఆ ఫ్యాక్టరీ మనిషే నా ఇంట్లో చేరింది. నా పిండిలో ఏం కలుపుతోందో, ఏం తీసేస్తోందో నాకేం తెలుసు?" అనేశాడు.

కోడలు లోపలి గది గుమ్మంలోనే ఉంది. అంతా వింది. హాస్టల్ వంటాయన తల దించుకుని, ఆ పూట బ్రెడ్డు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడత పెట్టి, కౌంటరు మీద ఉంచింది.

"నేను పనిచేసిన చోట బ్రెడ్డు చెడితే ముందు యంత్రాన్ని అనుమానించేవాళ్ళు మామయ్యా. తర్వాతే మనుషుల్ని," అంది. "సోమవారం నుంచి మళ్ళీ అక్కడికే వెళ్తాను. రమ్మంటూనే ఉన్నారు."

ఆ మాటతో మెట్లెక్కి పై వాటాలో ఉన్న తమ గదిలోకి వెళ్ళిపోయింది. కొడుకు దుకాణాల చుట్టూ తిరిగి వచ్చి, విషయం విని, తండ్రి ముఖం కూడా చూడకుండా పైకి వెళ్ళాడు. ఆమె వెళ్తే తానూ వెనకే వెళ్తాడని ఆ అడుగుల చప్పుడులోనే తెలిసింది.

అయినా పెద్దాయన బెట్టు వదల్లేదు. పీడ వదిలింది, ఇక చూడండి బ్రెడ్డు అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం గది తలుపు గడియ పెట్టుకున్నాడు. కొత్త మూట తనే విప్పాడు. తాళం తీసి ఈస్ట్ తన చేత్తోనే వేశాడు. భార్య ఫోను అడిగి తెచ్చుకుని, ఆ దొంగగొంతు పాటలే పెట్టుకుని, అవి అయ్యేదాకా కాచుకుని, అచ్చులు తనే ఓవెన్లో పెట్టాడు. పురుగు కూడా లోపలికి రాలేదు.

బ్రెడ్డు గట్టిగా, పొట్టిగా, పక్కలు పగిలి వచ్చింది.

పెద్దాయన దాన్ని తిరగేసి అడుగు చూశాడు, విరిచి లోపల చూశాడు. "మూటలో ముందే ఏమైనా కలిపిందేమో," అన్నాడు చివరికి.

"మిల్లుకు వెళ్ళి కలిపొచ్చిందా?" అంది భార్య. ఆవిడ గొంతులో ఈసారి వేళాకోళం లేదు. "మన ఇంట్లో పిల్ల వెళ్ళిపోతోందండీ. అది చూడండి ముందు."

తప్పు తనది కాదని, కోడలిదీ కాకపోయినా కనీసం ఆ దొంగగొంతుదైనా అయి తీరాలని ఆయనకు పట్టుదల పుట్టింది. తెగిన క్యాసెట్టును రేడియో మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి రిబ్బను అతికించుకుని వచ్చాడు. తన టేప్ రికార్డరులో పెట్టాడు. పాట మొదలైంది. నిండుగా, తాపీగా అదే గొంతు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదీ ఆవిడంటే. ఇప్పుడు పక్కనే ఆ ఫోను కూడా పెట్టు. రెండూ ఒకేసారి విను. అసలేదో నకిలీ ఏదో నీకే తెలుస్తుంది," అన్నాడు భార్యతో.

పాటను మళ్ళీ మొదటికి తిప్పి, రెండూ ఒక్కసారే మొదలుపెట్టారు. తొలి మాట రెండింట్లోనూ కలిసే వచ్చింది. రెండో లైనుకే ఫోను కొంచెం ముందుంది. చరణానికి వచ్చేసరికి టేప్ రికార్డరు బాగా వెనకపడింది. అవే మాటలు, అదే వయొలిన్, గాయని ఊపిరి పీల్చిన చోటు కూడా అదే. ఫోనులో పాట అయిపోయింది. టేప్ రికార్డరులో ఆవిడ ఇంకా చివరి చరణం ఈడుస్తూనే ఉంది.

పాట ఆగేలోపు పెద్దాయనకు అంతా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. టేప్ రికార్డరు లోపల చక్రాలు తిప్పే రబ్బరు బెల్టు ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చింది. పాట ఏటికేడు నెమ్మదించింది, గొంతు కాస్త కాస్త దిగింది. రోజూ వినే చెవికి తేడా తెలియలేదు. పిండి ఎక్కువసేపు ఆగుతోంది కాబట్టి పొంగి పులవకుండా ఈస్ట్ చిటికెడు చిటికెడు తగ్గిస్తూ వచ్చింది తన చెయ్యే. దానికే మహత్తని పేరు పెట్టుకున్నాడు. ఫోనులో పాట సరైన వేగంతో పరుగెత్తేసరికి, ఆ కాస్త ఈస్ట్‌కు పొంగడానికి వ్యవధి చాలలేదు. ఇంకాసేపు ఉంచుదామా మామయ్యా అని ఆ పిల్ల మొదటి రోజే అడిగింది.

"ఈసారి మద్దెల నిజంగానే ఓడేనండీ," అంది భార్య మెల్లగా.

ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. అసలు గొంతును నకిలీ అన్నాడు. నిజం చెప్పిన మనిషిని, అదీ పరాయివాడి ముందు, దొంగను చేశాడు. ముఖం కడుక్కుని పైకి వెళ్ళాడు.

కోడలు ఫ్యాక్టరీ యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. కొడుకు కిటికీ దగ్గర ఉన్నాడు. పెద్దాయన గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

"తప్పు నాది అమ్మాయ్. నీ చేతిలో ఏ లోపమూ లేదు. టేప్ రికార్డరు నెమ్మదిగా తిరుగుతోంది. నాకిప్పుడే తెలిసింది," అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టింది. "యంత్రం సంగతి తెలిసింది కాబట్టి నా సంగతి తెలిసింది. అది తెలియకపోయి ఉంటే మామయ్యా?"

ఆయన చూపు గడప మీదికి దిగింది.

"బ్రెడ్డు చెడినందుకు కాదు నా బాధ. మీ చూపు. పిండిలో చెయ్యి పెడితే మోచేతి దాకా మీ చూపే ఉండేది. రాత్రి చెయ్యి కడుక్కున్నా పోయేది కాదు. రేపు ఇంకేదో చెడుతుంది, మళ్ళీ అలాగే చూస్తారు."

"చూడను."

"చూడకుండా ఉండలేరు మీరు."

"ఉండలేను," అని ఒప్పుకున్నాడు పెద్దాయన. "అయినా చూడను. హాస్టల్ వంటాయన్ని పిలిచి, ఆయన ముందు ఏ నోటితో అన్నానో ఆ నోటితోనే చెబుతాను, తప్పు నాదని. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆమె పనిలోకి రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. యూనిఫారం మాత్రం సగంలో వదిలేసింది.

హాస్టల్ వంటాయన ఆదివారం ఉదయం వచ్చాడు. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కోడలు కౌంటరు దాటి లోపలి గదిలోకి వెళ్ళింది. పెద్దాయన లేచి ఈస్ట్ బీరువా తాళంచెవి భార్య చేతికిచ్చి లోపలికి పంపి, తను కౌంటరు వెనక, గదికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

లోపల సంగీతం మొదలైంది. ఏ దేశానిదో, పాతదో కొత్తదో తెలియలేదు. మధ్యలో డప్పులు వచ్చాయి, మధ్యలో ఎవరో ముసలాయన ఒంటరిగా పాడాడు. దాన్నిబట్టి పిండి ఎంత పొంగిందో లెక్క కట్టడం ఆయన వల్ల కాలేదు. ఇప్పుడు గుడ్డ కప్పిందా, ఇంకా పిసుకుతోందా, ఈస్ట్ ఎంత వేసింది, అచ్చులకు నూనె రాసిందా?

"ఓసారి లోపలికి వెళ్ళి చూసి రాకూడదూ?" అని తాళంచెవి ఇచ్చి తిరిగొచ్చిన భార్య పరీక్షగా అడిగింది.

"బేరం చూడు," అన్నాడాయన.

లోపల సంగీతం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమీ వినబడలేదు. అచ్చు కదిలిన చప్పుడు లేదు, ఓవెన్ తలుపు చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. రెండు చేతులతో కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు. వీధిలో వచ్చే పోయే మనుషులను ఒక్కొక్కరినే చూస్తూ, వెనక్కి తిరగకుండా, అలాగే కూర్చున్నాడు.