ఫిర్యాదు రాని తప్పు

పాత ప్రాసెసర్ ఒకదాన్ని నడిపించే మూల ప్రోగ్రాం, అంటే కెర్నల్, కోడ్‌ను పదిహేనేళ్లుగా ఆయనొక్కడే కంటికి రెప్పలా కాపాడుతున్నాడు. బద్ధకానికి మందేముంది? ఆ ప్రాసెసర్ ఉన్న అసలు బోర్డు అటకెక్కింది, పరీక్షలన్నీ దాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌లోనే కానిచ్చేవాడు. ఇవాళ బుద్ధిపుట్టి బోర్డు దించి కరెంటిస్తే, అది ఉలకలేదు, పలకలేదు.

సాయంత్రానికి కారణం దొరికింది. మూడేళ్ల కిందట వేగం పెంచుదామని చేజేతులా ఒక లైను తీసేశాడు. ఎమ్యులేటర్‌లో ఆ లైను లేకపోయినా నడిచిపోయింది కానీ, అప్పట్నుంచీ ఆ కెర్నల్ ఏ అసలు యంత్రం మీదా లేవలేదు. ఈ మూడేళ్లూ ఆయన దిద్దిన మెరుగులన్నీ శవానికి సింగారమే.

"అయ్యో, అది వాడే జనం ఎంత తిట్టుకున్నారో ఏమో!" అంది భార్య.

ఆయన మూడేళ్ల ఫిర్యాదులు వెతికాడు. ఒక్కటీ లేదు.

"తిట్టడానికైనా ఒక్కడు మిగలాలి కదే," అన్నాడు.